కనకమ్మ ముడి

కరెంటు పోయిన రాత్రి, తొర్రూరుల రేడియోలు బాగుచేసే రాజలింగం దగ్గరికి తుక్కుసామాన్ల దయాకర్ ఒక పలక తెచ్చిండు. దాని మీద సన్నటి రాగితీగెలకు ఆవగింజలంత నల్ల ఉంగరాలు గుచ్చి ఉన్నయి.

"గిదేందన్నా?" అడిగిండు దయాకర్.

"పాత కంప్యూటర్ మెమరీ. కరెంటు లేకున్నా ఏదీ మరిచిపోదు. ఆడోళ్లు చేతులతోనే అల్లేటోళ్లట. దొంగసొత్తు కాదు గద?"

"తుక్కుల దొరికింది."

రాజలింగం పలకను కందిలి వెలుగు దగ్గరికి జరిపిండు. మూలకు తెగిన తీగెను ఎవరో ఎర్రదారంతో ముడేసిండ్రు. ఆ ముడి చూసి అతని చెయ్యి ఆగింది. దారం కొస పెదవులతో తడిపి నల్లపూసలు గుచ్చే తన తల్లి కనకమ్మది ఆ ముడి. ఆ ముడి ఎవరికీ నేర్పకుండనే నిరుడు చచ్చిపోయింది.

"నిజం చెప్పు. ఎవలిచ్చిండ్రు?"



రాజలింగం దారం కొస ముట్టి చూసిండు. ఇంకా తడి ఆరలేదు.