ఫోన్‌లో ఏమీ లేదు

“ఇంకోసారి చూడవే, ప్లీజ్. ఎక్కడో దాక్కునే ఉంటుంది.”

యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో, వెనక వరుసలో కూర్చుని చిన్ని బతిమాలుతోంది. పక్కనున్న స్నేహితురాలిని క్లాసంతా టాపర్ అనే పిలుస్తారు. ఆమె చిన్ని ఇచ్చిన ఫోన్‌ను కంప్యూటర్‌కి తగిలించి, ఫైళ్లన్నీ జల్లెడ పట్టింది.

“ఏ దొంగ యాపూ లేదే తల్లీ. సెక్యూరిటీ సబ్జెక్టులో ఫస్టొచ్చినదాన్ని, ఆమాత్రం నమ్మవా?”

“మరి అన్నయ్యకి అన్నీ ఎలా తెలుస్తున్నాయే? మొన్న డేటాబేస్ క్లాసు ఎగ్గొట్టి మనిద్దరం సినిమాకెళ్లామా, ఇంట్లో అడుగు పెట్టీ పెట్టగానే ‘సినిమా బాగుందా?’ అన్నాడు. నిన్న ఫోన్ ఇంట్లోనే వదిలేసొచ్చాను. అయినా సీనియర్‌తో కాఫీ తాగిన సంగతి తెలిసిపోయింది!”

“ఆయనకి నీ మీద బెంగే. చెడ్డవాడేం కాదులే.”

చెడ్డవాడని చిన్ని కూడా అనలేదు. అమ్మానాన్నలు పోయాక పెంచి, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ కోర్సులో చేర్పించింది అతనే. కానీ ఆ ఇంట్లో ఊపిరాడదు. వీధి చివరి దుకాణానికి వెళ్లొచ్చినా సంజాయిషీ చెప్పుకోవాలి. నవ్వితే ఎందుకు నవ్వావంటాడు, ఊరుకుంటే ఏం దాస్తున్నావంటాడు.

అందుకే వేరే ఊళ్లోని ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కి గుట్టుగా దరఖాస్తు పెట్టింది. ఈ ఉదయమే రమ్మని కబురొచ్చింది. రేపు తెల్లవారుజామున బస్సు.

“ఇంకెవరికైనా చెప్పావా?” టాపర్ గొంతు తగ్గించింది.

“నీకు తప్ప పిట్టకి కూడా చెప్పలేదు.”

టాపర్ ఆమెను గట్టిగా కావలించుకుంది. చాలాసేపు వదల్లేదు.

బస్సు కదిలి, ఊరి దీపాలు వెనక్కి వెళ్లిపోతుంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఇంటికి నడిచింది చిన్ని. ఆ దారి ఎన్నడూ అంత తేలిగ్గా అనిపించలేదు.

తన గది తలుపు తీసింది. మంచం మీద అన్నయ్య. అతని ఒళ్లో ఆమె సూట్‌కేసు.

“రేపు బస్సెన్నింటికి చిన్నీ?”

చిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది.

“నీకు... నీకెవరు చెప్పారన్నయ్యా?”

అతను తల దించుకున్నాడు. ఎన్నడూ లేనిది, ఆ మొహంలో సిగ్గు.

“ఇకనుంచి తనని వదినా అని పిలువు.”