మూతల మార్పిడి

మూత విప్పి బిగించడానికి మామూలు మనిషికి పది సెకన్లు పడుతుంది. మేనేజరు గారు వంటింటి డబ్బాల మీద మూడు రోజులు సాధన చేసి దాన్ని ఆరుకి దించారు. ఈ వయసులో అంత పట్టుదల మెచ్చుకోవలసిందే. మరి రెండు మూతలు మారకపోతే ఫ్యాక్టరీకి తాళం పడుతుంది, ఆయన ఉద్యోగం ఊడుతుంది, అదృష్టం బాగాలేకపోతే జైలు కూడా.

అది పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే ఫ్యాక్టరీ. మురికినీళ్ళు శుద్ధి చేసే యంత్రం ఉంది. ఏటా దానికి రంగు వేయిస్తారు, వచ్చినవాళ్ళకి చూపిస్తారు, అంతే. నీళ్ళు మాత్రం తిన్నగా ఊరి చెరువులోకి వదలమని రెండేళ్ళ కిందటే పంపు ఆపరేటరుకి ఆర్డరు వేశారు. అతనిది ఆ ఊరే. అయినా "అలాగే సార్" అన్నాడు. అంత బుద్ధిమంతుడు.

ఎవరో ఫిర్యాదు రాశారు. నీళ్ళ పరీక్షల మేడమ్ జీపులో దిగింది. ఊరి చెరువులో ఒక బాటిల్ నింపింది.

"పోల్చి చూడటానికి ఇంకో శాంపిల్ కావాలండీ. దగ్గర్లో మంచినీళ్ళు ఎక్కడున్నాయి?"

"మా బంగళా వెనక కుంట ఉంది మేడమ్!" మేనేజరు గారి ఛాతీ ఉబ్బింది. "కొన్న నీళ్ళు మా గుమ్మం తొక్కవు. ఇంటిల్లిపాదీ ఆ కుంట నీళ్ళే. డబ్బుకి డబ్బు ఆదా, ఆరోగ్యానికి ఆరోగ్యం."

తడి బాటిల్ మీద సిరా నిలవదు కాబట్టి ఆవిడ నంబర్లు మూతల మీదే రాస్తుంది. చెరువుది ఒకటి, కుంటది రెండు. ఆవిడ రెండు శాంపిళ్ళు తీస్తుందన్న సంగతీ, ఈ సంగతీ మేనేజరు గారు ముందే కనుక్కున్నారు. ఆవిడ కాళ్ళకంటిన బురద కడుక్కుని వచ్చేలోపు పని అయిపోయింది. ఇక చెరువు శుభ్రమని రిపోర్టు వస్తుంది. కుంటకి కాస్త చెడ్డపేరొస్తుంది. వస్తే రానీ, ఇంట్లోవాళ్ళకి అసలు సంగతి తానే చెప్పుకోవచ్చు.

రిపోర్టు రావలసిన రోజు పొద్దున్న భార్య ఎదురొచ్చింది.

"పాపకి మళ్ళీ కడుపునొప్పట. రాత్రంతా నిద్రపోలేదండీ."

"పరీక్షలు దగ్గరపడితే దానికి అన్ని నొప్పులూ వస్తాయి. నీళ్ళు బాగా తాగించు, అదే తగ్గుతుంది," అని ఈల వేసుకుంటూ ఆఫీసుకి వెళ్ళారు.

పదకొండింటికి మేడమ్ వచ్చింది. వెనక ఇద్దరు పోలీసులు.

"ఊరి చెరువులో సీసం ఉండాల్సినదానికి నలభై రెట్లుందండీ. మీ కుంటకి మాత్రం వంక పెట్టడానికి లేదు."

"అదెలా కుదురుతుంది? మూత..." ఆయన నాలుక్కరుచుకున్నారు.

"మూతా?"

"మూతపడుతుందా మేడమ్, ఫ్యాక్టరీ?"

"ఇప్పుడే," అంది ఆవిడ, గేటుకి వేసే సీలు సంచిలోంచి బయటికి తీస్తూ.

గేటు బయట నిలబడి మేనేజరు గారు బుర్ర బద్దలు కొట్టుకున్నారు. తొందరలో రెండుసార్లు మార్చేశారా? లేదే! తను పెట్టింది పెట్టినట్టే ఉంటే ఈ రిపోర్టు తలకిందులుగా రావాలి. కొంపదీసి ఆవిడకి తెలిసిపోయిందా? అంతలో పంపు ఆపరేటరు చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"మా చెరువులోకి సీసం ఎక్కణ్ణుంచి వచ్చింది సార్?"

మేనేజరు గారికి ఒళ్ళు మండిపోయింది. "ఎక్కణ్ణుంచేమిట్రా? రెండేళ్ళుగా రోజూ నువ్వు వదిలిందే!"

ఆపరేటరు తల వంచుకున్నాడు.

"క్షమించండి సార్. మా పిల్లలు ఆ చెరువు నీళ్ళే తాగుతారు, అందులోనే ఈదుతారు. నాకు చేతులు రాలేదు. ఒక్క చుక్క కూడా అటు వదల్లేదు."

మేనేజరు గారు ఒకడుగు ముందుకేశారు.

"మరి... ఎటు వదిలావురా?"

"మీలాంటి పెద్దవాళ్ళు ఎలాగూ కొన్న నీళ్ళే తాగుతారు కదా అని, మీ బంగళా వెనక కుంటలోకి తిప్పేశాను సార్."