శనివారం సంపెంగలు

"ఈ వారమూ తెస్తన్నాడమ్మా," అంది సుబ్బమ్మ, కుళాయి దగ్గరున్న ఆడవాళ్లందరికీ వినపడేలా.

సన్యాసి రైలు స్టేషను వైపు నుంచి వస్తున్నాడు. చేతిలో అరటాకు పొట్లం. మనిషి ఇంకా మలుపు తిరగలేదు, సంపెంగల వాసన మాత్రం కుళాయి దాకా వచ్చేసింది.

ఆ దీవిలో, రివియేర్ దు రాంపార్ అనే ఊరి చెరుకు తోటల మధ్య ఉన్న తెలుగు కూలీల కేంపులో శనివారం అంటే జీతాల రోజు. డబ్బు చేతిలో పడగానే మగవాళ్లు చీనావాడి కొట్టు దగ్గర రమ్ము తాగి ఇళ్లకు చేరేవారు. సన్యాసి పూలతో చేరేవాడు. స్టేషను దగ్గర పూలమ్మే జీనెట్ అతని కోసం ఒక పొట్లం ముందే తీసిపెట్టేది. అతని భార్య పైడమ్మకు సంపెంగలంటే ప్రాణం.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర ఎవరికి ఏ పువ్వు ఇష్టమో మాటలు సాగాయి. సుబ్బమ్మకు బంతి. అది ఊరికే పెరుగుతుంది, తొందరగా వాడదు. దొరగారి మాదామ్‌కు గులాబీలట, వాళ్ల దేశం గుర్తొస్తుందట. పైడమ్మను అడిగితే, వాసన లేనిది పువ్వే కాదంది. ఒకసారి సంపెంగలు దొరక్క సన్యాసి గులాబీలు తెస్తే, రంగు ఏం చేసుకోనని వెనక్కి పంపిందట. అతను మారుమాటాడకుండా మళ్లీ స్టేషను దాకా నడిచి మల్లెలు తెచ్చాడట.

"నా మొగుడికి కూడా సన్యాసని పేరెట్టుంటే బాగుణ్ణు," అంది సుబ్బమ్మ. అందరూ నవ్వారు.

ఆ మొగుడు మునుస్వామి. ఇంటికెళ్లాక సుబ్బమ్మ అదే మాట అతని ముఖం మీద అంది. అతనికి అసలే ఒళ్లు మండుతోంది. కిందటి నెల తాగి భజనకు వచ్చాడని అప్పన్న అతన్ని వెలివేశాడు.

అప్పన్న ఆ కేంపులో భజన నడిపే పెద్ద. శనివారం పొద్దుగూకే వేళ అందరూ సన్యాసి ఇంటి ముంగిట దీపం పెట్టి, దాని చుట్టూ చేరి రాముడి పాటలు పాడేవారు. అప్పన్న గుమ్మం దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి మగవాడినీ నోరు తెరిచి ఊదమనేవాడు. రమ్ము వాసన వచ్చిందా, వెలి. ఆ ఇంట పెళ్లికి గానీ చావుకు గానీ కేంపులో ఎవరూ వెళ్లేవారు కాదు.

భజనలో మొదటి గొంతు పైడమ్మది. పగలంతా చెరుకు తోటలో వంగి పనిచేసిన నడుముతోనే కూర్చుని పాడేది. పాడుతుంటే కళ్లు ఎర్రబడి నీళ్లు కారేవి, ఒళ్లు తూలేది. భక్తి అంటే అదీ అని అప్పన్న అందరికీ చెప్పేవాడు.

ఆ శనివారం మునుస్వామి పిలవకుండానే వచ్చాడు. లోపలికి రాలేదు. కంచె అవతలే నిలబడ్డాడు.

"అప్పన్న మావా, నన్ను ఎలేసినావు, బాగుంది. మరి ఈ సన్యాసి బావని ఎప్పుడైనా ఊదమన్నావా? ఇంటాయన కదా, గుమ్మం కాడ ఆగడు. శనివారం శనివారం కొట్టు ఎనకాల సీసా కొని తువ్వాల్లో సుడతాడు. నా కల్లతో సూసినాను. ఆ పూలు పెళ్లాం మీద పేమ కాదు, నోటి కంపు తెలీకుండా."

తాళాలు పట్టుకున్నవాళ్లు కింద పెట్టేశారు. దీపంలో వత్తులు సర్దుతున్న పైడమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. వచ్చే నెల వాళ్ల కొడుకు పెళ్లి. పందిరికి మనుషులు వస్తారో రారో ఈ నిమిషంలో తేలిపోతుంది.

అప్పన్న సన్యాసి వైపు తిరిగాడు.

"కొట్టుకెల్లినావా?"

"ఎల్లినాను మావా."

"సీసా కొన్నావా?"

"కొన్నాను."

"తాగినావా?"

"నాను పుట్టి బుద్దెరిగి తాగనేదు."

"ఆ పూలు దూరంగా ఎట్టి, ఊదు."

సన్యాసి పొట్లం గట్టు మీద పెట్టి వచ్చి నోరు తెరిచి ఊదాడు. అప్పన్న ముక్కు దగ్గరగా పెట్టి చూశాడు. చాలక మళ్లీ ఊదమన్నాడు. వేపపుల్ల వాసన తప్ప ఏమీ లేదు.

అప్పన్న ముఖం వెలిగింది. కంచె వైపు తిరిగాడు.

"ఒరే మునుస్వామీ, కొట్లో రమ్మే కాదురా, దీపం నూనె కూడా అమ్ముతారు. ఇన్నాళ్లూ ఈ దీపానికి నూనె ఎవులు పోస్తన్నారనుకున్నావు?"

అందరూ దీపం వైపు చూశారు. సన్యాసి నేల వైపు చూశాడు.

మునుస్వామి తల వంచుకున్నాడు. సుబ్బమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటాయన్ని అనుమానించానే అన్న బాధ అప్పన్న మనసును మెత్తబరిచినట్టుంది. వచ్చే వారం తాగకుండా వస్తే కూర్చోవచ్చని మునుస్వామికి చెప్పాడు. సన్యాసి కొడుకు పెళ్లికి తానే దగ్గరుండి పాడతానన్నాడు. పెళ్లాన్ని ఇంత బాగా చూసుకునేవాడిని ఈ దీవిలో చూడలేదని కూడా అన్నాడు.

తాళాలు మళ్లీ మొదలయ్యాయి.

సన్యాసి పొట్లం విప్పి, దీపం ముందు కూర్చోబోతున్న భార్య కొప్పు నిండా సంపెంగలు గుచ్చి, ఆమె చెవి దగ్గరికి వంగి, "ఇయాల కాసింత ఎక్కువ తాగినావే, పాడేటప్పుడు అప్పన్న మావ యేపు తిరక్కు," అన్నాడు.