ఒక్క ఉదుటున

డులూత్ ఊళ్లోని కాఫీ హోటల్లో అందరూ చూస్తుండగా ఆర్నీ ఒంటి మోకాలి మీద కూర్చుని మార్లిస్‌కి ఉంగరం అందించాడు.

"సరే, నిన్నే పెళ్లి చేసుకుంటాను. ముందు లే, జనం నవ్వుతున్నారు!" అందామె.

ఆ సంతోషంలో ఆర్నీ ఒక్క ఉదుటున లేచాడు. కళ్లకు చీకట్లు కమ్మాయి. చలికోట్లు తగిలించిన స్టాండుని కౌగిలించుకుని దానితోపాటే కూలాడు.

"ఒప్పుకుంటేనే ఇలా పడ్డావు, కాదంటే ఏమైపోయేవాడివో!" అంది మార్లిస్.

ఇక దాచలేక కోట్ల కింద నుంచే చెప్పాడు. "లేని గొంతులు వినిపించకుండా ఓ మాత్ర వేసుకుంటాను మార్లిస్. లేచినప్పుడు బిగుసుకోమని ఒళ్లు చెప్పే మాట కూడా అది రక్తనాళాలకు వినపడనివ్వదు. నెత్తురంతా కాళ్లలోనే ఉండిపోతుంది. ఉంగరం వెనక్కిచ్చినా ఏమీ అనుకోను."

మార్లిస్ ఉంగరం వేలికి తొడుక్కుంది. "ముందు కూర్చో. కాళ్లు కాసేపు ఆడించు. ఆ తర్వాత మెల్లగా లే."

ఆర్నీ తెల్లబోయాడు. ఇక్కడికొచ్చిన ప్రతిసారీ, వెళ్లే ముందు ఆమె కుర్చీ అంచున కూర్చుని కాళ్లాడించేది అచ్చం ఇలాగే.

"అంటే నువ్వూ అదే మాత్రా? నన్ను వదిలి వెళ్లలేక ఆగుతున్నావనుకున్నానే!"

"కొంత మాత్ర వల్ల, కొంత నీ వల్ల," అంది మార్లిస్, మెల్లగా లేస్తూ.