దిగిరాని అయస్కాంతం

చీకటి పడింది. బాన్సువాడ కాలేజీ ల్యాబులో ఫిజిక్స్ లెక్చరర్ వందన, ఆమె శిష్యురాలు ప్రియాంక మాత్రమే మిగిలారు. తండా నుంచి వచ్చి చదువుకునే ఆ పిల్ల, నెల రోజులు ఫర్నేసులో కాల్చి ఒక నల్లబిళ్ల తయారుచేసింది. దాని మీద లిక్విడ్ నైట్రోజన్ పోశారు. ఆ చలికి లోపలి ఎలక్ట్రాన్లు జతలు కట్టడంతో బిళ్ల, అయస్కాంతాన్ని దూరంగా నెట్టే సూపర్‌కండక్టర్ అయింది. పైన పెట్టిన అయస్కాంతం గాలిలో తేలింది.

"శభాష్ బిడ్డా!" అంది వందన.

నైట్రోజన్ ఆవిరైపోయింది. గంట గడిచింది. అయస్కాంతం కిందికి దిగలేదు.

వందన బిళ్లను తాకి చూసింది. వెచ్చగా ఉంది. చల్లదనం పోతే అయస్కాంతం పడిపోవాలి.

"ఎవరికన్నా ఫోన్ చేద్దామా?" అడిగింది వందన.

"మాట్లాడకుండ్రి మేడం," ప్రియాంక గుసగుసలాడింది. "అది మీ గొంతు దిక్కు తిరుగుతుంది."

వందన నోరు మూసుకుంది. భయం వేసినా అంత అందమైన దాన్ని వదిలి చూపు తిప్పుకోలేకపోయింది.