బెల్లు మీది జిగురు

కరోనా వేసవిలో ఎవరూ రాకూడదని కాలింగ్ బెల్ తీగ ఊడదీసి, బయటి స్విచ్ మీద టేపు అతికించాను. ఎదురింటి సారక్క ఒక రాత్రి ఊపిరాడక వచ్చి, టేపు మీదినుంచే దాన్ని నొక్కింది. బెల్లు మోగలేదు. టిక్కుమన్న చప్పుడు మాత్రం తలుపు వెనక నిలబడి విన్నాను. తీయలేదు. తెల్లవారి ఆమె శవాన్ని తీసుకుపోయాక టేపు పీకేశాను; తీగ మాత్రం మళ్ళీ కలపలేదు. నిద్రపోయానని ఆమె కూతురు రమతో చెప్పాను.

రేపు రమ ఘుగ్గుస్ ఊరి నుంచి నన్ను చూడవస్తోంది. బొగ్గు ధూళి పట్టి నల్లబడిన జిగురు ఇంకా స్విచ్ మీద ఉంది. అది ఆమె కంట పడకూడదని, చీకటి పడ్డాక కొబ్బరినూనెతో రుద్దసాగాను.

పై అంతస్తు విఠల్ సెల్‌ఫోన్ వెలుగులో మెట్లు దిగుతూ ఆగాడు.

"ఏంది సారూ, బెల్లుకు తలనూనె పెడుతున్రా?"

"జిగురయ్యా. పోవడం లేదు."

"గోరుతోని గీకుండ్రి. అగో, ఎవలో వేలు గూడ పెట్టిండ్రు."

నవ్వుతూ వెళ్ళిపోయాడు.

టార్చి వేసి చూశాను. జిగురులో వేలిముద్ర, దానికి అడ్డంగా కోత మచ్చ. సారక్క చూపుడువేలికి అలాంటి మచ్చే ఉండేది. కానీ ఆమె నొక్కింది టేపును. ఈ జిగురు బయటపడింది ఆమె పోయాకే.

ముద్ర చెరిగేదాకా రుద్ది, లోపలికి వచ్చి గడియ వేసుకున్నాను.

బయట స్విచ్ టిక్కుమంది. కాసేపాగి మళ్ళీ.

ఆనాడు నిలబడ్డ చోటనే నిలబడ్డాను. ఈసారి కూడా తలుపు తీయలేదు.