పందిరి మీద పరిశోధన

ముసురు పట్టి చిక్కుడుతీగ నీరసించింది. ఎండే కదా మొక్కకి అన్నం! అది దొరకనప్పుడు తీగ ఎలా నెట్టుకొస్తుందో నేర్పడానికి కొంగ మేష్టారు శిష్యుల్ని వెంటేసుకుని పందిరెక్కారు.

"కింది ఆకులు పండిపోతున్నాయండీ!" అంది కప్ప.

"చిగురు మాత్రం పచ్చగానే ఉందండీ!" అంది ఉడుత.

"ముసలాకుల్లోని సారమంతా చిగురుకే పోతోందండీ!" అని కాడ మీంచి చీమ అరిచింది.

"భేష్! పెద్దాకులు పస్తుండి పిల్లకి పెడుతున్నాయన్నమాట!"

మేష్టారు రెక్కలు బార్లా చాపి గంతేశారు. ఉడుత తోక విప్పి ఆడింది. కప్ప చీమని వీపునేసుకుని ఎగిరింది. పందిరంతా ఊగిపోయింది.

ఇంతలో చిగురూ వాడిపోయింది.

"ఇదేం చిత్రం! అందరూ ఇంకా దగ్గరికి రండి, మళ్ళీ చూద్దాం!" అన్నారు మేష్టారు.

తీగ నీరసంగా అంది: "ఎండొచ్చి చాలాసేపయింది మేష్టారూ. తమరు కాస్త పందిరి దిగితే, నేను అన్నం తింటాను."